జెట్టీ కింద ఇసుక

బావుల్లో నీటిమట్టం కొలిచే ముసలి ఇగరాషి శవం ఉదయం ఏడింటికి జెట్టీ పక్కన తేలింది. ఎనిమిదింటికల్లా ఏజెంట్ కుజుమి తన చీఫ్ ఒనొదేరా ముందున్నాడు.

"జారిపడ్డాడట. నలభై ఏళ్ళు ఆ గట్టు మీదే తిరిగినవాడు జారతాడా?" అన్నాడు ఒనొదేరా.

శవం జేబులో దొరికిన చీటీ చూపించాడు చీఫ్. మూడో బావిలో నీళ్ళు మీటరు లోతులోనే ఉన్నాయని ఇగరాషి టేపు లెక్క. కంట్రోల్ స్క్రీన్ మాత్రం ఐదు మీటర్లంటోంది.

ఆ రేవు సముద్రంలో ఇసుక పోసి కట్టింది. పంపులు ఆ బావుల్లోంచి నీళ్ళు తోడేస్తున్నంతకాలం నేల గట్టిగా ఉంటుంది. నీళ్ళు నిండిన ఇసుకను గట్టిగా కుదిపితే జావైపోతుంది.

"కుదపడానికి భూకంపం కావాలి కదండీ?"

"స్తంభాలు దింపే వైబ్రో హ్యామర్ చాలు. మూడో బావి పక్కనే ఉంది. ఇవాళ సెప్టెంబరు ఒకటి, పాత మహాభూకంపం వచ్చిన రోజు. అది వచ్చిన వేళకే, పదకొండూ యాభై ఎనిమిదికి, ఏటా భూకంపం డ్రిల్. మూడువందల మంది ఆ జెట్టీ మీదే వరస కడతారు. నేల ఊగినా డ్రిల్ ఏర్పాటే అనుకుంటారు."

"ఆపేద్దామా?"

"ఆపితే దీని వెనకున్న ముఠా ఇంకో రోజు చూసుకుంటుంది. లోపలి మనిషెవరో నాకు కావాలి. మన ఏజెంటు అక్కడే ఉంది, కలువు."

పంప్ హౌస్‌లో ఎర్ర లిప్‌స్టిక్, తెల్ల హెల్మెట్‌తో ఇంజనీర్ మితరాయి షియొరి ఎదురైంది. 

"ఇక్కడ చల్లటి సోబా నూడుల్స్ దొరుకుతాయా?" అన్నాడు కుజుమి. 

"వేడివే ఉన్నాయి," అందామె. కోడ్ సరిపోయింది. 

"సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వేషం బాగానే ఉందిగానీ, బూట్లు మరీ కొత్తవండీ. మేస్త్రీ తొదొరోకి మీద ఓ కన్నేసి ఉంచండి."

అంత త్వరగా పేరు చెప్పడం కుజుమికి నచ్చలేదు. బల్ల కింద గుండీ అంత మైక్ అంటించి, మేస్త్రీ వెనక పడ్డాడు.

"ఏంటి బాబూ, పొద్దుట్నుంచీ నా వెనకే?" అన్నాడు తొదొరోకి. "మా అమ్మాయికి పెళ్ళయిపోయింది."

అప్పుడే చెవిలో షియొరి గొంతు వినిపించింది. మీటరు చూసిన ప్రతిసారీ దానికేసి వేలు చూపి, పైకి చెప్పాలన్నది ఆ రేవులో నియమం. ఒంటరిగా ఉన్నా చెప్పాల్సిందే.

"ఒకటో పంపు, నడుస్తోంది, సరే. రెండో పంపు, నడుస్తోంది, సరే. మూడో పంపు... ఆగింది, సరే."

కుజుమి ఎదురుగా ఉన్న స్క్రీన్ మీద మాత్రం మూడూ పచ్చగానే వెలుగుతున్నాయి. తప్పుడు లెక్క చూపేలా స్క్రీన్‌ను మార్చగలిగింది గానీ, పదహారేళ్ళ అలవాటును ఆమె మార్చుకోలేకపోయింది.

కుజుమి పరుగెత్తాడు. సైరన్ మోగింది. హ్యామర్ అప్పటికే దడదడలాడుతోంది. జెట్టీ పలకల సందుల్లోంచి బురదనీళ్ళు చిమ్ముతుంటే, వరసలో నిలబడ్డ కూలీలు నవ్వుతున్నారు.

పంప్ హౌస్‌లో, హ్యామర్‌కు కూడా కరెంటిచ్చే మెయిన్ బ్రేకర్‌కు అడ్డంగా షియొరి. చేతిలో లిప్‌స్టిక్ గొట్టమంత పిస్తోలు.

"కోడ్ సరిగ్గానే చెప్పానుగా?"

"చెప్పారు. మూడో పంపు ఆగిందనీ గట్టిగానే చెప్పారు."

ఆమె చూపు అప్రయత్నంగా మీటరు మీదికి పోయింది. ఆ క్షణం చాలు. ఆమె మణికట్టు మీద ఒక దెబ్బ కొట్టి, రెండో చేత్తో బ్రేకర్ కిందికి లాగాడు. హ్యామర్ ఆగిపోయింది. జెట్టీ జానెడు కుంగి, ఒక క్రేన్ కాస్త ఒరిగి నిలిచింది. మనుషులకేం కాలేదు.

సంకెళ్ళు కనబడకుండా తువ్వాలు కప్పి ఆమెను బయటికి తెస్తుంటే, డ్రిల్ చూడ్డానికొచ్చిన అధికారి బురద బూట్లతో ఎదురొచ్చాడు.

"నేలలోంచి నీళ్ళు కూడా రప్పించారే! ఏర్పాట్లు ఎవరివండీ?"

"ఈవిడవే," అన్నాడు కుజుమి.

అధికారి నడుం వంచి నమస్కరించాడు. "వచ్చే ఏడు కూడా మీరే చెయ్యాలమ్మా."

"కష్టమండీ," అన్నాడు కుజుమి. "చాలా ఏళ్ళపాటు ఆవిడకి తీరికుండదు."