వాడినదానికి నీళ్ళు

ఆ ఉదయం ఆకాశం ఉప్పుమడి రంగులో ఉంది. సముద్రం మీంచి మబ్బులు వచ్చాయి. తీరం మీద ఆగకుండా కొండల వైపు వెళ్ళిపోయాయి. కొన్నేళ్ళుగా అదే వరస. కింద ఇళ్ళన్నీ కిటికీలకు చలువ అద్దాలు దించుకున్నాయి. ఎండగడియ మొదలైతే వీధిలో మనిషి నిలవలేడు. అందుకని పారమ్మ గబగబా నడిచింది.

ఆమె వెళ్తున్నది తమ్ముడి ఇంటికి. తమ్ముడు గౌరీశు పోయి ఏడాది దాటింది. మరదలు ముత్యాలు ఒక్కతే ఉంటోంది. తిండి మానేసిందని, గోడతో తప్ప ఎవరితోనూ మాట్లాడదని, ఇరుగుపొరుగు కబురు పెట్టారు.

తలుపు దానంతటదే తెరుచుకుంది. ఆ కాలంలో ప్రతి ఇంటికీ ఒక ఇంటికాపరి ఉండేది. మనిషి కాదు, గోడల్లో కళ్ళూ చెవులూ పెట్టుకున్న యంత్రం. ఇంట్లో ఏది వాడిపోయినా దానికి తెలిసిపోతుంది. ఆకు వాడితే సన్నటి గొట్టంతో నీళ్ళు పోస్తుంది. మనిషి ముఖం వాడితే మాట పోస్తుంది. చావు జరిగిన ఇంట్లో ఆ మాట పోయినవాళ్ళ గొంతుతోనే వస్తుంది. దాన్ని తోడుగొంతు అనేవారు. దగ్గరివాళ్ళ జ్ఞాపకాలతో దాన్ని కడతారు. గౌరీశు గొంతుకి చిన్నప్పటి సంగతులు పారమ్మ ఇచ్చింది, మిగిలినవి ముత్యాలు ఇచ్చింది.

"అప్పా, వచ్చావా! ఇంత ఎండలో ఎందుకొచ్చావే?" అంది గోడ.

అక్కని అప్ప అనడం ఆ వైపు అలవాటు. పారమ్మ గుమ్మం పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది.

ముత్యాలు గోడవార చాప మీద కూర్చుని ఉంది. రవిక వదులై భుజాల మీంచి జారుతోంది.

"నీ మాటే చెప్తన్నారు వదినా. నువ్వు దాసుకున్న తాటిముంజెలు ఈయన దొంగిలించేవోరట గదా."

"ఆ సంగతి దానికి చెప్పింది నేనేనే పిచ్చిమొకమా. నా సరుకు నాకే అమ్ముతంది."

ముత్యాలు నవ్వలేదు. కిటికీ వైపు చెయ్యి చూపింది. "దాన్ని సూడు ముందు."

అక్కడొక ముఖమల్ మొక్క ఉంది. అమ్మేవాళ్ళు ఆఫ్రికన్ వయొలెట్ అంటారు. ఆకు మీది మెత్తని నూగు వల్ల ఇళ్ళల్లో దానికి ముఖమల్ అనే పేరు స్థిరపడింది. నేరుగా ఎండ పడితే ఓర్చుకోదు. అందుకే ఆ మూసిన ఇళ్ళల్లో ఊదాపువ్వులు పూస్తూ నిలిచింది. గౌరీశు ఉన్న రోజుల్లో ముత్యాలు ఒక్క ఆకు గుచ్చి దాన్ని పెంచుకుంది. ఇప్పుడు ఆకులన్నీ కుండీ అంచు మీద వేలాడుతున్నాయి. నడుమ చిగురొక్కటే పచ్చగా ఉంది.

"రోజూ నీరు పోస్తానే ఉంది ఇల్లు. అయినా వాడిపోతంది. దీనికీ నా మీద విసుగొచ్చినట్టుంది."

పారమ్మ మట్టిలో వేలు పెట్టింది. జావలో దిగినట్టు దిగింది. వేలు వాసన చూసి, "కత్తి పట్రా" అంది.

కుండీ వంచగానే మొక్క పట్టులేకుండా చేతిలోకి వచ్చేసింది. వేరును నలిపితే పై తోలు ఊడి, సన్నని దారం మిగిలింది.

"నీరెక్కువై వేరు కుళ్ళిందే. వేరు లేనిది తాగలేదు. తాగలేక వాడితే, ఈ మాలోకం దాహమనుకుని ఇంకా పోసింది. పోసినకొద్దీ కుళ్ళింది."

"బతుకుతాదా?"

"కుళ్ళినకాడికి కోసేస్తే బతకొచ్చు. లేకపోనూవచ్చు."

పారమ్మ కాడను మొదలు నుంచి పలచగా బిళ్ళలు కోసుకుంటూ పైకి వచ్చింది. కాడ నడిమి గోధుమరంగు చుక్క మాయమయ్యాక ఆపింది. కింది ఆకులు గిల్లేసింది. కొబ్బరిపొట్టులో ఇసుక కలిపి, చెమ్మ మాత్రం తగిలించి, మిగిలిన తలను అందులో నాటింది. పైన గాజుగిన్నె బోర్లించింది. ఇంటికాపరి తాలూకు నీటిగొట్టాన్ని మడిచి ముడేసింది.

"వేరొచ్చేదాకా వాడినా సరే, ఎవరూ పోయకూడదు. ఊరుకోవాల."

ముత్యాలు గిల్లేసిన ఆకుల్ని ఒళ్ళో వేసుకుంది. వాటినే చూస్తూ కూర్చుంది. ఆమె పెదవి వణికిందో లేదో, గోడ పలికింది.

"ఏటే ముత్యాలూ, మొకమలా పెట్టావు? నేను లేనేటి?"

ముత్యాలు తల దించుకుంది. గొంతు ఇంకాస్త ప్రేమగా అడిగింది. ఆ తరువాత కూనిరాగం అందుకుంది.

"నాకు ఏడుపు రాక కాదు వదినా," అంది ముత్యాలు మెల్లగా. "కన్ను తడైతే చాలు, ఈయన వచ్చేస్తారు. పోయినోడి కోసం ఒక్కనాడూ ఏడవనివ్వలేదు." తల ఎత్తింది. "ఇంటికాపరీ, ఈ గొంతు ఆపు."

రాగం నిలిచింది. యంత్రం తన సొంత గొంతుతో, ఏ రుచీ లేని గొంతుతో పలికింది. "ఆపితే పూర్తిగా చెరిగిపోతుంది. మళ్ళీ కట్టడం కుదరదు. ఆపాలంటే కట్టినవారు ఇద్దరూ చెప్పాలి. పారమ్మగారు కూడా చెప్పాలి."

పారమ్మ నోరు తెరిచింది. మరదలి చేత 'ఆపు' అనిపించడానికే ఆమె ఎండకు ఓర్చి వచ్చింది. తిట్టాలా, బతిమాలాలా అని దారంతా కూడబలుక్కుంది. కాడ కోసిన కత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"నన్ను అప్పా అనేవోడు ఇంకెవడున్నాడే?" అంది చివరికి. "ఇందాక గుమ్మంలో వీడు పిలిస్తే నాకు కాళ్ళాడలేదు."

ముత్యాలు బలవంతపెట్టలేదు. పైటకొంగు తల మీంచి ముఖం మీదికి లాక్కుని, గోడ కళ్ళకు కనబడకుండా మోకాళ్ళలోకి వంగిపోయింది. లోపల ఊపిరి ఎగిసిపడుతోంది. చప్పుడు పైకి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. మొగుడి గొంతు వింటుందేమోనని దొంగచాటుగా ఏడుస్తోంది.

పారమ్మ అది చూసింది. కత్తి కింద పెట్టింది.

"అప్పా, తిన్నావా?" అని అడిగింది గోడ.

"తింటాంరా. నువ్వింక ఊరుకో, నాయనా." తరువాత యంత్రానికి అర్థమయ్యేలా, గట్టిగా, "ఆపు" అంది.

ముత్యాలు కొంగు తీసేసింది. నోరు విప్పి ఏడ్చింది. గోడ ఏమీ అనలేదు. పారమ్మ కూడా ఊరుకోమనలేదు, పక్కన కూర్చుంది. ఎండగడియ వచ్చింది, పోయింది.

పొద్దు వాలాక పారమ్మ లేచి అన్నం వండింది. ఎండు నెత్తళ్ళ చేపలకు చింతపండు పోసి పులుసు పెట్టింది. రెండు కంచాలు పెట్టుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పులుసులో ఉప్పు తక్కువైంది. ఇద్దరికీ తెలిసింది, ఎవరూ అనలేదు. కాసేపటికి ముత్యాలు ఖాళీ కంచం ముందుకు జరిపింది. పారమ్మ ఇంకో గరిటె అన్నం పెట్టింది.