గోదాము కాడి చప్పుడు

లింగంపేట నుంచి ఎల్లారెడ్డి పోయే తొవ్వల, మూతబడ్డ బీడీల తునికాకు గోదాము ఒకటి ఉన్నది. పొద్దుగూకినంక ఎవరూ ఆ పక్కకు పోరు. పోతే వినబడుతదట... టిక్కు... టిక్కు... టిక్కు. గడియారం అనుకుందామంటే లోపల ఎలుకలు తప్ప ఏమీ లేవు.

మొదలు విన్నది పాలు పోసే హన్మండ్లు. సైకిలు ఆపి బీడీ ముట్టించుకుంటుంటే, చీకట్ల ఎవరో కూసున్నట్టు... ఆ చప్పుడు. పాల క్యాన్లు ఆడనే పడేసి ఉరికిండు. మూడు దినాలు జరం.

ఊరంతా నమ్మింది. భూదవ్వ ఒక్కతే నమ్మలేదు. ఆ చప్పుడు ఆమె రోజూ రాత్రి వింటున్నదే.

రెండువేల పదకొండుల ఆమె బిడ్డ ప్రమీలకు హైదరాబాదుల గుండె కోసి లోహపు వాల్వు పెట్టిండ్రు. అది గడియారం తీరు కొట్టుకుంటది. చుట్టిన బీడీలు కార్ఖానాల అప్పజెప్పి వచ్చేటప్పుడు ఆయాసమొస్తే, పిల్ల ఆ గోదాము అరుగు మీద కాసేపు కూసుంటది. గంతే. దెయ్యమూ లేదు, పాడూ లేదు.

ఆ వాల్వు పెట్టినోళ్లల్ల ఎవరెట్లున్నరో పెద్ద డాక్టరు రాసుకుంటున్నడు. ఆరు నెలలకోసారి ఫోన్ వస్తదన్నడు. ఇంటికి పంపేటప్పుడు భూదవ్వకు ఒక్కటే మాట గట్టిగ చెప్పిండు— రోజూ రాత్రి బిడ్డ ఎదకు చెవి పెట్టు, చప్పుడు మందమైందంటే లోపల నెత్తురు గడ్డ కట్టినట్టు, గడియ ఆగకుండ తీసుకరా.

ఆమె అట్లనే చేసింది. ఆ టిక్కు విన్నాకనే కన్ను మూసేది.

ఒకనాడు బీడీలు చుట్టే వాకిట్ల అందరూ ఊకున్నప్పుడు, ప్రమీల ఎదల చప్పుడు నలుగురి చెవిన పడ్డది. ఒక్కొక్కరే చాటలు దూరం జరుపుకున్నరు. గోదాముది పిల్లను పట్టుకున్నదని ఒకామె అన్నది. జరం సంగతి మరిచిపోయిన హన్మండ్లు, "వదినె, నీ బిడ్డకు పొద్దున్నే కీ ఇస్తున్నవా?" అని భూదవ్వ దిక్కు చూసి నవ్విండు.

ప్రమీల ఇంటికొచ్చి గోడ దిక్కు తిరిగి పండుకున్నది.

"అమ్మా... దీన్ని జెర ఊకుంచవా?"

భూదవ్వ పాత బొంత చింపి, నాలుగు మడతలు పెట్టి, రవికె లోపట కుట్టింది. చప్పుడు తగ్గింది. పిల్ల మళ్ల అందరి నడుమ కూసున్నది, నవ్వింది. రాత్రి కూడ ఆ రవికె విప్పకపోయేది. భూదవ్వ దాని మీదనే చెవి పెట్టేది.

కొన్నాళ్లకు చప్పుడు ఇంకా తగ్గింది... బొంతనే గదా, అనుకున్నది.

ఆ వారమే దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. చప్పుడు మునుపటి తీరే ఉన్నదా అని అడిగిండ్రు. మంచిగనే ఉన్నదన్నది. బొంత సంగతి చెప్పలేదు. సిగ్గయింది.

రెండు దినాలకు, పొద్దుగూకినా ప్రమీల ఇల్లు చేరలేదు. భూదవ్వ టార్చి పట్టుకుని పోయింది. గోదాము నల్లగ నిలబడి ఉన్నది. గాలి లేదు. అరుగు మీద బిడ్డ... గోడకు ఒరిగి, ఒడిల ఖాళీ సంచి.

పిలిచింది. పలకలేదు.

రవికె చింపింది. బొంత లాగి పారేసింది. చెవి పెట్టింది.

ఏమీ లేదు...

అప్పటి నుంచి రోజూ పొద్దుగూకంగనే ఆమె ఆ అరుగు మీదకు పోతది. ఊరోళ్లు ఇంకా చెప్తనే ఉన్నరు— గోదాము కాడ టిక్కు ఆగలేదని. మొన్న హన్మండ్లు కూడ మళ్ల విన్నడట. ఇప్పుడు నవ్వుతలేడు.

ఆమె గోడకు చెవి పెడతది. ఊపిరి బిగబడతది. కప్పలు, కీచురాళ్లు... ఇంకేం లేదు.

ఒకనాడు ఆడ కూసున్నప్పుడే ఫోన్ మోగింది. ఆరు నెలలైనట్టున్నది. అదే గొంతు, అదే ప్రశ్న— చప్పుడు వినబడుతున్నదా అమ్మా?

భూదవ్వ ఇంకొక్కసారి గోడకు చెవి పెట్టింది.

"ఊరందరికి వినబడుతున్నదట సార్," అన్నది మెల్లగ. "నాకే... వినబడతలేదు."