మేడుదుర్గపు మంచుతెర

మాఘమాసపు పొద్దు పొడిచేసరికి మేడుదుర్గం కింది మైదానమంతా శత్రువుల గుడారాలతో, ఏనుగులతో, వంటపొయ్యిల పొగలతో నిండి, నేల అన్నది కానరాకుండా ఉంది. ఎన్నో తరాల రాజులకు నీడనిచ్చిన ఆ దుర్గంలో ఇప్పుడు ధాన్యపు కొట్లు అడుగంటాయి. గుర్రాలను కోసుకు తినడం కూడా అయిపోయింది. రాజు తొలి పోరులోనే నేలకొరగగా, కోటకు మిగిలిన పెద్దలు ఇద్దరే: సేనాని గుండయ నాయకుడు, మహామంత్రి అన్నయ ప్రెగ్గడ.

పడమటి బురుజు మీద, నీళ్ల తొట్టి పక్కన, మోకాళ్లు కౌగిలించుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. ఆమె మైలమ, మంత్రవిద్యలో పేరుపొందిన జోగసానికి శిష్యురాలు. నీటిలో చేతులుంచి జపిస్తే మంచుతెర లేపగల విద్య అది. ఆ మంచులో ఎవరు నడిచినా, ఎవరు మాటాడినా జపించేవారికి ఒంటిమీద తెలుస్తుంది. బదులుగా ఆ విద్య ఒంటి వేడిమిని తాగుతుంది. చలి మోచేయి చేరగానే ఆపాలి, గుండెను తాకితే ప్రాణం నిలవదు. జోగసాని ఎన్నోసార్లు చెప్పిన మాట అది. పది రోజుల కిందట శత్రువులు విసిరిన బండ తగిలి ఆమె పోయింది.

చిన్నతనంలో మైలమ ఊరిని ఇదే శత్రువులు తగలబెట్టారు. ఆమె ధాన్యపు పాతరలో దాక్కుంది. పైన చెల్లెలు పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తుంటే మూత ఎత్తలేకపోయింది. కాసేపటికి ఆ ఏడుపు ఆగింది. ఆనాటి నుంచి ఆమె తిండి తిన్నా, నిద్రపోయినా, ఇంకెవరిదో దొంగిలించినట్టే ఉండేది.

అన్నయ ప్రెగ్గడ బురుజెక్కి వచ్చి ఆమె ముందు నిలిచాడు.

"అమ్మాయీ, సామంతుల సైన్యం కొండల అవతలికి వచ్చింది. రేపు సాయంత్రం వరకు మంచుతెర నిలిస్తే ఈ కోట దక్కుతుంది. అంతసేపు నిలపడమంటే నీ ప్రాణం ధారపోసి నిలపడమే. నీ వెనక ఏడ్చేవారు ఎవరూ లేరని విన్నాను. నీ చావుకు ఇంతకన్న గొప్ప అర్థం ఎక్కడ దొరుకుతుంది?"

ఆ మాటలు మైలమకు కొత్తగా తోచలేదు. తనలో తాను ఏనాటి నుంచో అనుకుంటున్నవే. తలవంచి ఒప్పుకుంది.

సెలవు తీసుకుందామని ఆమె గుండయ నాయకుడి దగ్గరికి వెళ్లింది. భుజానికి కట్టుతో, అన్నం లేక పీక్కుపోయిన ముఖంతో ఉన్న ఆ సేనాని విషయం విని మండిపడ్డాడు.

"సామంతుల సైన్యమా? నా వేగులవారికి కనిపించని సైన్యం మంత్రికెట్లా కనిపించింది? తల్లీ, ప్రాణమివ్వడం నా వృత్తి. అది ఎప్పుడివ్వాలో, ఎందుకివ్వాలో నాకు తెలుసు. నువ్వు ఇస్తున్నది కోట కోసం కాదు. నీ మీద నీకున్న కసి కొద్దీ ఇస్తున్నావు. నేనొప్పను."

అంతలో తూర్పు బురుజు మీద కొమ్ములు మోగాయి. ఆయన కత్తి అందుకుని పరుగెత్తాడు. మైలమ మళ్లీ తొట్టి దగ్గరికే పోయింది.

మంచు లేచింది. గోడలు మునిగాయి, బురుజులు మునిగాయి, విలుకాండ్రకు తమ చేతులే కనిపించలేదు. చలి ఆమె మోచేతులు దాటింది, భుజాలకెక్కింది. ఎంతో హాయిగా ఉంది. ఇన్నేళ్లూ చెవుల్లో మోగిన చెల్లెలి గొంతు కూడా వినబడటం మానింది.

అప్పుడు ఆమె వీపు మీద అడుగులు తెలిశాయి. వందల అడుగులు, తడబాటు లేకుండా, దారి తెలిసినవారిలా పడమటి ద్వారం వైపు వస్తున్నాయి. ద్వారం లోపలి నుంచి ఎవరో గడియ ఎత్తుతున్నారు. "మెల్లగా రండి, పిల్ల ఇంకా బతికే ఉంది" అన్నది ప్రెగ్గడ గొంతు.

తన చావు కోటకు కాపు కాదు, శత్రువుకు ముసుగు. మైలమకు ఒక్కసారిగా కోపం వచ్చింది. తన కోసం తనకు కోపం రావడం ఆమె ఎరగదు. మొద్దుబారిన చేతులను నీళ్లలోంచి లాగి, "పడమటి ద్వారం! ద్రోహం!" అని గొంతు చించుకుని అరిచింది. మంచు చిరిగిపోయింది. కానీ తలుపులు అప్పటికే తెరుచుకున్నాయి.

గుండయ నాయకుడు మిగిలిన కొద్దిమందితో ద్వారానికి అడ్డుపడ్డాడు. వెనక ఆడవాళ్లు, ముసలివాళ్లు కోట కిందుగా వాగు ఒడ్డుకు పోయే నీటి సొరంగం వైపు పరుగులు తీస్తున్నారు. మైలమ ఆయన పక్కకు వచ్చి, "నాయకా, నన్నూ ఇక్కడే ఉండనీయండి" అంది.

"మైలమా, ఇన్నాళ్లూ చావడానికొక చోటు వెతుక్కున్నావు. ఇక్కడ చోటు లేదు, నేను నిలుచున్నాను. ఈ జనాన్ని వాగు దాటించు. దాటించి నువ్వూ దాటు. ఆ రెండో మాటే నా ఆజ్ఞ!"

ఆయన మళ్లీ వెనక్కి చూడలేదు. ఆయన పడిపోయేసరికి ద్వారంలో శవాలు నడుమెత్తు పేరుకున్నాయి. మధ్యాహ్నానికి శత్రురాజు పక్కన గుర్రమెక్కి అన్నయ ప్రెగ్గడ కోటలో ప్రవేశించాడు. అతనికి ఏ కీడూ కలగలేదు.

వాగు దగ్గర మైలమ మళ్లీ నీళ్లలో చేతులుంచింది. పలచని మంచు జనాన్ని కప్పింది. సగానికి పైగా దాటాక చలి మోచేయి చేరింది. ఒడ్డున ఇంకా మనుషులున్నారు, కోట వైపు నుంచి గుర్రాల డెక్కలు వినబడుతున్నాయి. "ఇంకొంచెం, అమ్మా, ఇంకొంచెం" అని ఎవరో వేడుకున్నారు. ఆమె పళ్లు బిగించి మరికాసేపు మంచును నిలిపింది. చలి పైకి పాకింది. ఇక అడుగు వేయగల శక్తి మాత్రమే మిగిలిందని తెలిసినప్పుడు ఏడుస్తూ చేతులు తీసేసింది, లేచి వాగు దాటింది. వెనకబడినవారిలో అందరూ దాటలేదు. వారి కేకలు ఆమె విన్నది. చెవులు మూసుకోలేదు.

ఆ రాజ్యం మళ్లీ లేవలేదు. అడవిలో, ఎవరికెవరూ ఏమీ కాని ఆ గుంపులో, ఒక ముసలమ్మ దోసెడు నూకలతో జావ కాచి తలా గుక్కెడు పోసింది. మైలమ రెండు చేతులా దొన్నె పట్టుకుని తాగింది. తాగి దొన్నె అడుగు చూసింది.

"అవ్వా, ఇంకాస్త ఉందా?" అంది.