అరవై మూడో టోకెను

ఆ ఉదయం టైలరమ్మ ఫోనులో బ్యాంకు యాప్ తెరవగానే చిన్న చక్రమొకటి తిరగడం మొదలుపెట్టింది. ఆమె మొహం కడుక్కుని వచ్చేసరికీ తిరుగుతూనే ఉంది, టీ తాగేసరికీ తిరుగుతూనే ఉంది. చివరికి "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న ముక్క వచ్చి తెర మీద కూర్చుంది.

"చింతిస్తున్నారట! కూర్చుని చింతించడానికా వీళ్ళకి జీతాలిచ్చేది?" అని ఆమె ఫోనుని కుట్టుమిషను మీద విసురుగా పెట్టింది.

ఆమె కోపానికి కారణం ఉంది. ఇంటి ముందు గదిలో పదకొండేళ్ళుగా అందరి ప్యాంట్లకీ అంచులు మడిచి, జిప్పులు మార్చి, పైసా పైసా కూడబెట్టింది. మెయిన్ రోడ్డులో మందుల షాపు పక్కన గడియారాలు బాగుచేసే ఆయన కొట్టు ఖాళీ చేస్తున్నాడు. ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల అడ్వాన్సు చేతిలో పెడితే కొట్టు ఆమెది. లేకపోతే ఫోన్ కవర్లు అమ్మే అతనిది. అతను నగదు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడని కొట్టు యజమాని ముందే చెప్పాడు.

భర్త గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు. అతను ఆ బ్యాంకులోనే, ఫోన్ల విభాగంలో ఉద్యోగి. కస్టమర్లు ఫోన్ చేస్తే జవాబు చెప్పే పని. వాళ్ళమ్మ మాత్రం వీధిలో అందరికీ "మావాడు బ్యాంకు ఆఫీసరు" అని చెప్పుకుంటుంది.

"సాయంత్రానికి బాగవుతుందిలే," అన్నాడతను.

"సాయంత్రానికి నా కొట్టు ఇంకొకడి కొట్టవుతుంది! బీరువాలో డబ్బెందుకు, బ్యాంకులో వెయ్యమని పోయిన వారం నా ప్రాణం తోడిందెవరు?"

అతను రెండో బూటు అందుకున్నాడు.

"మాట్లాడండి! అలా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే ఎలా?"

"పొద్దున్నే వాడి మీద పడతావేమే?" అత్తగారు లోపలి నుంచి అందుకుంది. "వాడికెన్ని తలనొప్పులో!"

"ఏం తలనొప్పులత్తయ్యా? చల్లటి గదిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళందరితో కబుర్లు. ఇంటికొస్తే మాత్రం మౌనవ్రతం. ఆయన గొంతు విని ఎన్నాళ్ళయిందో మీకైనా గుర్తుందా?"

భర్త తల వంచుకుని వెళ్ళిపోయాడు. అతనికి ఫోను చేద్దామన్నా లాభం లేదు, పనిలో ఉన్నంతసేపూ వాళ్ళ ఫోన్లు అల్మరాలో పెట్టి తాళం వేస్తారు. టైలరమ్మ పాస్‌బుక్కు సంచిలో పడేసుకుని బ్యాంకుకి బయలుదేరింది.

బ్యాంకు ముందు జనం ఇసక వేస్తే రాలనట్టున్నారు. గుమ్మంలో టోకెన్ల కట్ట పట్టుకుని నిలబడి ఉన్నది ఎవరో కాదు, ఆమె భర్తే. జనాన్ని సముదాయించడానికి ఫోన్ల విభాగంలో సగం మందిని బ్రాంచీలకి తోలారట. టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇక తన పని అయిపోయినట్టేననుకుంది.

వరసలో ఆమెకి కాస్త ముందున్న వ్యాను డ్రైవరు అప్పుడే అతని మీద విరుచుకుపడ్డాడు. "మా డబ్బు మాకివ్వడానికి మీకేం రోగం? వ్యానులో డీజిలు కొట్టించడానికి పైసా లేదు. సిగ్గుందా మీకు?"

"మీ కోపంలో న్యాయముందండీ. డీజిలుకి కూడా డబ్బు లేకుండా అయిపోయింది కదా. యాభై ఆరో నంబరు తీసుకుని కాస్త కూర్చోండి," అన్నాడు భర్త. ఆ మాట అంతకుముందు యాభై అయిదుమందికి చెప్పిన మనిషిలా లేడు. మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాడు. అతని చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయింది.

ఇంకో ఆరుగురి తర్వాత ఆమె వంతు వచ్చింది.

"ఏమండీ, నేను. తొందరగా లోపలికి పంపించండి, టైమవుతోంది."

అతను ఆమెని చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత కాగితం చింపి చేతికిచ్చాడు. "అరవై మూడు. లోపల కూర్చోండి మేడమ్. సిస్టమ్ లేదు కాబట్టి పాస్‌బుక్కు, సంతకం చూసి ఇస్తున్నారు. ఉన్న నగదు యాభైమందికే సరిపోతుందట. మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేం."

"మేడమా? పదకొండేళ్ళుగా మీకు అన్నం పెడుతున్న మేడమ్‌నండీ నేను!"

జనం గొల్లున నవ్వారు. "ఓహో, ఇంటావిడా? ఇంకేం, ముందు ఆవిడ పనే అవుతుంది చూడండి," అన్నాడు వ్యాను డ్రైవరు.

"లేదండీ, అందరికీ ఒకటే వరస," అన్నాడు భర్త. ఆమె వైపు మళ్ళీ చూడలేదు. "తర్వాత ఎవరండీ?"

టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది. లోపలికెళ్ళి బెంచీ చివర కూలబడింది. గోడ గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. కౌంటరులో ముప్పై రెండో నంబరు పిలిచారు. కట్టుకున్నవాడే కాదన్నాక ఇంకెవరు ఆదుకుంటారని ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పక్కన నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న బామ్మగారొకరు కూర్చుని ఉన్నారు. "ఆ గుమ్మం దగ్గర అబ్బాయి గొంతు విన్నావా అమ్మా?" అన్నారు.

"విన్నానండీ," అంది టైలరమ్మ కటువుగా.

"నాకు చూపు సరిగ్గా ఆనదు కానీ గొంతు మరిచిపోను. మా ఆయన పోయాక ఖాతా నా పేరు మీదకి మార్చుకోవాల్సొచ్చింది. ఆ రహస్య నంబర్లేవో మూడుసార్లు తప్పు కొడితే ఖాతాకి తాళం పడిపోయింది. ఫోన్ చేస్తే ఈ అబ్బాయే ఎత్తాడు. గంటన్నర చెప్పాడమ్మా! మధ్యలో మా ఆయన పేరు అడిగితే ఏడుపొచ్చేసింది. 'తొందరేం లేదమ్మా, మీరు తేరుకున్నాకే చెప్పండి' అన్నాడు. మెచ్చుకుందామని మర్నాడు ఫోన్ చేస్తే ఇంకో పిల్ల చెప్పింది, ఒక్కొక్కరితో ఆరు నిమిషాలే మాట్లాడాలట. దాటితే ఆ నెల జీతంలో కోతట."

"ఎప్పుడండీ ఇది?"

"మొన్న చలికాలంలో."

చలికాలంలో ఒక నెల జీతం తగ్గితే ఎందుకు తగ్గిందని టైలరమ్మ మూడు రోజులు ఇల్లు పీకి పందిరేసింది. అప్పుడూ అతను ఏమీ చెప్పలేదు.

"బయటివాళ్ళతోనే ఇలా ఉంటే ఇంట్లో ఇంకెంత బాగా మాట్లాడతాడో!" అన్నారు బామ్మగారు.

"ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర ఓపిక మిగలదండీ. అంతా ఇక్కడే ఖర్చయిపోతుంది." ఆ మాట తన నోటి నుంచి వచ్చాకే అందులో నిజమెంతుందో టైలరమ్మకి తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను ఆయన భార్యనండీ."

బామ్మగారు ఆమె చెయ్యి తడిమి పట్టుకున్నారు. సంగతంతా విన్నారు. తర్వాత తన టోకెను తీసి ఆ చేతిలో పెట్టారు. అది నలభై ఒకటి.

"వద్దండీ, ఆయన ఒప్పుకోరు."

"అతన్ని అడిగిందెవరు? నాకివాళ డబ్బుతో పని లేదు. ఇంట్లో గోడలతో మాట్లాడలేక నాలుగు మాటలు విందామని వచ్చాను. నీ నంబరు నాకివ్వు. నీ చోట నేనుంటాను, ఎవరి వరసా తప్పదు."

టైలరమ్మ రెండు చేతులూ జోడించింది. బామ్మగారికి కనిపించదని గుర్తొచ్చి, వంగి ఆ చేతులు కళ్ళకద్దుకుంది. పదకొండూ నలభైకి డబ్బు చేతికొచ్చింది. పక్క గుమ్మంలోంచి బయటపడి పరుగెత్తింది. ఫోన్ కవర్ల అతను అప్పటికే కొట్టు ముందు నిలబడి గోడలు కొలుస్తున్నాడు. పన్నెండుకి నాలుగు నిమిషాలుండగా తాళం ఆమె చేతిలో పడింది.

భర్త చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. "ఏరా, బ్యాంకు బాగయిందా? అందరూ నన్నే అడుగుతున్నారు," అంటూ అత్తగారు మొదలుపెట్టబోయింది.

"అత్తయ్యా, ఆయన్ని కాసేపు కూర్చోనివ్వండి," అంది టైలరమ్మ. మంచినీళ్ళిచ్చి తనూ పక్కన కూర్చుంది.

నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి, అతనే అడిగాడు. "కొట్టు పోయింది కదూ?"

"వచ్చింది."

అతను తలెత్తి చూశాడు. ఆమె బామ్మగారి సంగతి చెప్పింది. ఆ ఫోను అతనికి గుర్తుంది.

"ఆ నెల జీతం ఎందుకు తగ్గిందో నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే ఏం చేసేదానివి?"

"తిట్టేదాన్ని."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"పొద్దున మేడమ్ అన్నందుకు కోపమొచ్చిందా?"

"వచ్చింది."

"పొద్దుటినుంచీ ఎంతమంది తిట్టినా తట్టుకున్నాను. నిన్ను చూడగానే నావల్ల కాలేదు. నీ డబ్బు అక్కడ వెయ్యమన్నది నేనే కదా! మేడమ్ అనకుండా పేరు పెట్టి పిలిస్తే, ఆ జనం ముందే ఏడ్చేసేవాణ్ణి."

ఇప్పుడు ఏడ్చాడు. టైలరమ్మ అతని తల భుజానికి ఆనించుకుని, "నన్ను క్షమించండి. మీరు నాకు దొరకడం నా అదృష్టం," అంది. ఆ మాట పదకొండేళ్ళలో ఒక్కసారీ అనలేదు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

ఇలాంటి మనిషిని తనకిచ్చినందుకు ఎవరికి దండం పెట్టాలా అని టైలరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత లేచి వెళ్ళి, ఎదురుగా ఉన్న అత్తగారికే పెట్టింది.