ఆరో కిలోమీటరు దగ్గర

దగ్గరికి జరగండి, ఇంకాస్త. ఆ గడప మీద కూర్చున్న అమ్మాయీ, నువ్వూ రా. రజిత కథ దూరం నుంచి వింటే వట్టి పరుగుపందెం కథలాగే ఉంటుంది.

మధ్యాహ్నం మూడింటికి కరీంనగర్‌లో రజిత ఆసుపత్రికి పోయే బస్సెక్కగానే కండక్టరు ఆమె మెడకింద దీపం చూసి, ముందు సీట్లో ఉన్న ముసలాయనను లేపాడు. పసుపు దీపం పిల్లలు నిలబడి ప్రయాణం చేయకూడదని అప్పటి నియమం.

"కూసో బిడ్డా. నీకేమన్న అయితే నా నౌకరి పోతది," అన్నాడు కండక్టరు.

నిన్న సాయంత్రమే పది కిలోమీటర్లు పరుగెత్తిన పిల్ల ఆమె, పదహారేళ్లది. సిగ్గుతో చితికిపోయింది, కానీ కూర్చుంది.

ఆ రోజుల్లో పందొమ్మిదేళ్లు నిండని ప్రతి ఒక్కరి ఛాతీ మీదా గుండెకాపు ఉండేది. బొట్టుబిళ్లకన్నా కాస్త పెద్దది, మెత్తటి పట్టీ. దాని దీపం మెడకింద వెలుగుతూ ఉంటుంది. ఆకుపచ్చ అయితే క్షేమం, పసుపు అయితే అనుమానం, ఎరుపు అయితే ఉన్నచోటే ఆగిపోవాలి. అది ఊరికే రాలేదు. అంతకుముందు తరంలో దూరపు పరుగులకు వెళ్లిన పిల్లలు కొందరు, ఏ జబ్బూ లేదనుకున్నవాళ్లు, దారి మధ్యలో కుప్పకూలి మళ్లీ లేవలేదు. ఏళ్ల తరబడి పరుగెత్తే పిల్లల గుండె పెద్దదవుతుంది, గోడలు దళసరి అవుతాయి, ఊరకే కూర్చుంటే నిమిషానికి నలభైసార్లే కొట్టుకుంటుంది. అది బలం. అయితే జబ్బు చేసిన గుండె గోడలూ అలాగే దళసరెక్కుతాయి. ఏది బలమో ఏది జబ్బో తేల్చడం వైద్యులకే కష్టమయ్యేది. గుండెకాపు తేల్చింది. అది వచ్చాక పరుగులో ఒక్క పిల్లా పోలేదు. ఆ పుణ్యం దానిదే, కాదనకూడదు.

ఆసుపత్రిలో తస్నీమ్ డాక్టరమ్మ, గుండెకాపు పంపే లెక్కలు రాసుకునే పెట్టెలోంచి రజిత నాడిగీతను తీసి గోడ మీద పరిచింది. మానేరు డ్యామ్ కట్ట మీద రజిత రోజూ తీసే పరుగు అది. ఐదు కిలోమీటర్ల దాకా గీత పంటకాలువ పారినంత సాఫీగా ఉంది. ఆరో కిలోమీటరు దగ్గర తాడెత్తు లేచి, కాస్త దూరం పోయాక దిగిపోయింది. నాలుగు నెలలుగా అదే చోట అంతే.

"గక్కడ ఎత్తేమన్న ఉన్నదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"సాపు కట్టనే మేడం," అన్నాడు పరుగు నేర్పే మొగిలి సారు. "కుక్కలు సుత లేవు. నేనే పోయి చూసొచ్చిన."

తల్లి కనకలక్ష్మి కూతురి భుజం గిల్లింది. "పోరడెవడన్న నిలవడుతుండా ఏందే? ఉంటే చెప్పు, తిట్టను. మీ బాపు నన్ను మొదలు చూసింది సుత ఆ కట్ట మీదనే."

రజిత గోడ మీది గీత వైపు తిరిగింది. డాక్టరమ్మ పెద్దవాళ్లిద్దరినీ బయటికి పంపింది.

"నాతోటి చెప్పొచ్చు. కానీ ముందే ఒక మాట. నువ్వు చెప్పే కారణం పెట్టె రాసుకుంటది, అదే గడియల మీ అమ్మకు పంపుతది. నీకు ఈడు నిండలేదు గదా. అది నా చేతిల లేదు."

"ఏం లేదు మేడం."

"ఏం లేకుంటే జబ్బే అనుకోవాలె మేము."

తీర్పు ఇది: ఇరవై ఒక్క రోజులు పరుగు బంద్. ఆ తర్వాత అదే కట్ట మీద, అదే వేళకు పరీక్ష పరుగు. గీత మళ్లీ లేస్తే దీపం ఎరుపు మీదే ఉండిపోతుంది, జన్మలో పరుగు లేదు. లేవకపోతే రాష్ట్ర జట్టు.

ఆరో కిలోమీటరు దగ్గర తూము ఉంది. తూము పక్కన చేపలు వేయించి అమ్మే దుకాణం. దాన్ని నడిపే ఓదెలు రజిత తండ్రి.

ఎనిమిదేళ్ల కింద, సముద్రంలో గాలిమరలు బిగించే పనికని గుజరాత్ వెళ్లిన మనిషి. ఏడాదికి కబురు ఆగిపోయింది. కనకలక్ష్మి మాత్రం బియ్యం కడిగేటప్పుడు ఇప్పటికీ ఒక గుప్పెడు ఎక్కువే పోస్తుంది, "ఏ గడియల వస్తడో" అంటూ. నాలుగు నెలల కింద రజిత పరుగెత్తుతూ చూసింది. మూడేళ్ల పిల్లవాణ్ణి భుజాన ఎక్కించుకుని, ఇంకొకావిడతో నవ్వుతూ చేపలు తోముతున్నాడు. అతనూ రజితను చూశాడు. అతను వదిలివెళ్లిన పిల్లకు ఎనిమిదేళ్లు, ఈమె అతనికన్నా పొడుగు. పోల్చుకోలేదు, చూపు తిప్పుకుని తన పనిలో పడ్డాడు.

చెబితే రజితకు పరుగు మిగులుతుంది, తల్లికి ఆ గుప్పెడు బియ్యం మిగలదు. చెప్పకపోతే పరుగు పోతుంది. ఆ పిల్ల మూడు పూటలు తిండి సరిగా తినకుండా ఆలోచించి ఇంకో దారి పట్టింది. గుండెకే నేర్పాలనుకుంది.

మర్నాడు సాయంత్రం నడుచుకుంటూ దుకాణానికి వెళ్లింది. దీపం ఎర్రబడితే చున్నీ కప్పుకుంది. పరుగు లేని వేళ గుండె ఎగిరితే దీపం మారుతుందే తప్ప పెట్టె దాన్ని రాసుకోదు. ఆ ఈడు గుండె రోజుకు పదిసార్లు ఎగురుతుందని దానికి ముందే నేర్పారు.

"ఏం గావాలె బిడ్డా?" అన్నాడు ఓదెలు. వచ్చినవాళ్లందరినీ అతను బిడ్డా అనే పిలుస్తాడు.

"రెండు ముక్కలు."

రెండు ముక్కలూ అలాగే వదిలేసి లేచింది. అయినా మర్నాడు వెళ్లింది, ఆ మర్నాడూ వెళ్లింది.

"రోజొస్తున్నది, ఈ పిల్ల మన దుకాణానికి మొక్కుకున్నట్టున్నది," అని నవ్వింది ఆ ఇంటావిడ. ఓదెలు కూడా నవ్వి, "ముల్లు జూసుకొని తిను," అన్నాడు. పన్నెండో రోజు పిల్లవాడు వచ్చి రజిత ఒళ్లో కూర్చున్నాడు. ఆ రోజు దీపం పసుపు దాటలేదు. పందొమ్మిదో రోజు ఓదెలు ఊరికే అడిగాడు.

"ఎవలి బిడ్డవే నువ్వు?"

"మా అమ్మ బిడ్డను."

"బాగ చెప్పినవ్ తియ్!" అంటూ అతను ఇంకో ముక్క వేశాడు. రజిత తిన్నది. రుచిగా ఉంది. చున్నీ తీసి చూసుకుంటే దీపం ఆకుపచ్చ.

పరీక్ష రోజు మొగిలి సారు బ్యాటరీ సైకిల్ మీద వెనకే వచ్చాడు. తూము కనబడగానే ఆయనకే ఆత్రం ఆగలేదు. "రజితా! నడుము నిలుపు! కనకలక్ష్మి బిడ్డవు, భయమెందుకే!" అని అరిచాడు.

దుకాణంలో చేప తిరగేస్తున్న ఓదెలు చేయి ఆగింది. రోడ్డు మీదికి వచ్చి, దగ్గరవుతున్న పిల్లను తేరిపార చూశాడు. ఎడమ భుజం కాస్త వంచి పరుగెత్తుతోంది. ఆ అలవాటు అతని తల్లిది.

"రజ్జీ! అవ్వా! నేను, బాపును!" ఆమె దాటిపోతుంటే చెప్పుల్లేకుండా వెంట పరుగెత్తాడు. "ఒక్కసారి ఆగే! ఒక్కసారి నా దిక్కు చూడే!"

ఇరవై అడుగులు పరుగెత్తి, రొప్పుతూ కట్ట మీద కూలబడ్డాడు. రజితకు ప్రతి మాటా వినబడింది. ఎనిమిదేళ్లుగా తన పేరు ఆ గొంతులో వినాలనుకున్న పిల్ల ఆమె. కాళ్లు వాటి లెక్క తప్పలేదు.

"ఎవడే వాడు? తాగిండా ఏంది?" అన్నాడు సారు.

"చేపలమ్మెటాయన," అంది రజిత.

పరుగు ముగిశాక డాక్టరమ్మ గీతను మూడుసార్లు వెనక్కి తిప్పి చూసింది. "ఆరో కిలోమీటరు దగ్గర పసిపాప నిద్రపోతున్నట్టున్నది. నయమైంది. జట్టుల నీ పేరు రాస్తున్న."

మొగిలి సారు చప్పట్లు కొట్టాడు. రజిత ఛాతీ మీద చేయి పెట్టుకుని నిలబడింది. మండల పందెంలో మూడో స్థానం వచ్చినందుకే ఒకప్పుడు గంటసేపు గంతులు వేసిన గుండె అది. కాసేపు ఎదురుచూసింది. అది నెమ్మదిగా, లెక్క ప్రకారం కొట్టుకుంటూనే ఉంది.

కనకలక్ష్మి వచ్చి కూతుర్ని వాటేసుకుని ఏడ్చింది. "ఈ ముచ్చట మీ బాపు ఇనాలె బిడ్డా. ఏ దేశంల ఉన్నడో!"

"అవునమ్మా," అంది రజిత.

దీపం ఆకుపచ్చగానే ఉంది. అది చూసుకుని కనకలక్ష్మి ఇంకా మురిసిపోయింది.

మరిచిపోకండి దీన్ని. మీరూ రేపు ఎవరికో ఒకరికి చెప్పండి. ఆ పిల్ల గెలిచిందా అని అడుగుతారు. గెలిచిందనే చెప్పండి, అబద్ధం కాదు. చెప్పి, వెంటనే లేచిపోకుండా కాసేపు కూర్చోండి. వాళ్లు ఇంకేమైనా అడుగుతారేమో.