తొయ్యక్కర్లేని బండి

"నాగవేణి గారూ, ఈ వారంలో మీ బండి ఆగడం ఇది మూడోసారి," అంది డ్యాష్‌బోర్డు మీది ముందెరుక, పెళ్ళికి పిలవడానికి వచ్చినంత మర్యాదగా. "పది నిమిషాల్లో కారణం చెప్పకపోతే బండి పేరు తుక్కుశాలకి వెళ్తుంది."

"చెప్తానుండవే నా తల్లీ!" అంటూ నాగవేణి బోనెట్ ఎత్తింది.

వెనక రెండొందల గులాబీ మొక్కలు ఎండకి ముందే రాజానగరం చేరాలి. కడియం నర్సరీ వీధిలో మిగతా బళ్ళన్నీ డ్రైవరు అవసరం లేకుండా ఎప్పుడో కాలవగట్టు ఎక్కి వెళ్ళిపోయాయి.

ముందెరుక అంటే అరచేతిలో పట్టే పలక. దేనికి తగిలిస్తే అది ఏనాడు చెడిపోతుందో ముందే చెబుతుంది. ఫ్యాన్లకీ, మోటార్లకీ, బళ్ళకీ తగిలించాక మనుషుల్ని మాత్రం ఎందుకు వదలాలని మణికట్టుకి నాడికంకణాలు కూడా తొడిగారు. పన్నెండేళ్ళుగా దారి మధ్యలో ఆగిన బండి లేదు. పంక్చర్ షాపులు మూతపడ్డాయి. "ఒక్క చెయ్యి వేద్దురూ" అని పొరుగువాణ్ణి కేకేసే పని ఎవరికీ లేకుండా పోయింది.

ఒక్క నాగవేణికి తప్ప. ఆమెది ముప్ఫై ఏళ్ళ నాటి చిన్న పికప్. మొక్కనూనెతో నడుస్తూ, వెళ్ళిన దారంతా మిరపకాయ బజ్జీల వాసన వదులుతుంది. ఎడమ ఇండికేటరు వెలగాలంటే డ్యాష్‌బోర్డు మీద చరచాలి. సీటులో స్ప్రింగు ఎప్పుడు పొడుస్తుందో దేవుడికే తెలియాలి. నాగవేణి రోజుకి పదిసార్లు బండిని తిట్టేది, వదిలేది మాత్రం కాదు. కొత్త బళ్ళు తారురోడ్డు దిగవు. ఇది బురదగట్టు మీద నుంచి మొక్కల వరస మొదటికే వచ్చి నిలబడుతుంది.

దాని బ్యాటరీ తయారీ ఆగిపోయాక ఆరేళ్ళపాటు పొద్దున్నే తోస్తేనే కదిలేది. తోసేవాడు అప్పలనర్సయ్య. కాలవ లాకులు ఎత్తే ఉద్యోగం చేసి రిటైరైన ఒంటరి మనిషి, వరసకి ఏమీ కాకపోయినా ఆమెకి బాబాయే. కేక వినగానే తలకి తువ్వాలు చుట్టుకుని, బండినీ, దాన్ని చేసినవాణ్ణీ, కొన్నదాన్నీ కలిపి తిడుతూ వచ్చేవాడు.

ముందెరుక లేని బండి రోడ్డెక్కకూడదని నెల క్రితం చట్టం వచ్చింది. నాగవేణి పలక పెట్టించింది. దాంతోపాటే సరిపడే కొత్త బ్యాటరీ కూడా వచ్చింది. తాళం తిప్పితే చాలు, స్టార్టు. "పీడా వదిలింది," అన్నాడు అప్పలనర్సయ్య కూడా.

అలాంటిది సోమవారం బండి కదల్లేదు. బుధవారం కదల్లేదు. రెండుసార్లూ అతను తోస్తేనే వెళ్ళింది. అడిగితే ముందెరుక, ఏ భాగమూ అరగలేదు పొమ్మంది.

బ్యాటరీ మీద వైరు వేలితో తాకితే ఊగుతోంది. దాని నట్టు నిన్న సాయంత్రమే ఆమె స్వయంగా బిగించింది. బాబాయిని కేకేద్దామని వెనక్కి తిరిగింది.

అతను అప్పటికే అక్కడున్నాడు. తలకి తువ్వాలు, బండి వెనక రేకు మీద రెండు చేతులు.

"నేనింకా పిలవలేదే, బాబాయ్."

"మూలిగింది కదే. ఇనబడింది."

"ఆ చివరింట్లోకి వినబడిందా? ఆ వేళ్ళకి గ్రీజేంటి?"

అప్పలనర్సయ్య చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. ఇక చెప్పడానికేముంది!

"సోమారం, బుధారం కూడా నువ్వేనా? పెద్దమనిషివి, బుద్ధుండక్కర్లేదా? మూడుసార్లు ఆగితే బండిని నుజ్జు చేసేస్తారు, తెలుసా?"

"నుజ్జా?" అతని మొహం పాలిపోయింది. "ఒట్టే అమ్మాయ్, నాకు తెల్దు. తోత్తే ఎల్లిపోద్ది కదా అనుకున్నాను."

"బాగున్న బండిని తొయ్యడమేంటి బాబాయ్! మొన్నమొన్నటిదాకా నోటికొచ్చినట్టు తిట్టేవోడివి!"

"తిట్టేవోణ్ణే. తిట్టడానికైనా నువ్వు పిలిచేదానివి." అతను మణికట్టునున్న నాడికంకణం చూపించాడు. "ఆ బేటరీ వచ్చాక మూడు వారాలు నన్ను పిలిచిన మడిసి లేడే. ఇదొక్కటే రోజూ లేవగానే, 'అప్పలనర్సయ్య గారూ, మీలో ఏ లోపమూ లేదు' అంటది. నా లోపం దీనికేం తెలుసు?"

నాగవేణికి ఏడుపొచ్చింది. పొద్దున్నే పని చెడగొట్టి పైగా ఏడిపించినందుకు ఇంకా కోపమొచ్చింది. స్పానరు తెచ్చి నట్టు బిగించింది, అవసరమైన దానికంటే గట్టిగానే.

"ఒక్క నిమిషం ఉంది," అంది ముందెరుక. "కారణం వాతావరణమా, జంతువా, మనిషా? మనిషైతే పేరు చెప్పండి, కేసు నమోదవుతుంది."

"జంతువే," అంది నాగవేణి. "ఎలక."

"నమోదైంది. జంతువుల వల్ల ఆగినవి లెక్కలోకి రావు. కృతజ్ఞతలు."

"ఎలకనా నేను?" అన్నాడు అప్పలనర్సయ్య నొచ్చుకుంటూ.

"పందికొక్కువి. బండెక్కు."

"నేనెందుకే? మొక్కలు దింపడానికి అక్కడ యంత్రాలుంటాయి కదా."

"ఎక్కమన్నానా!"

అతను తువ్వాలు విప్పి, దులిపి, పక్కసీట్లో ఒదిగి కూర్చున్నాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది.

"అదనపు బరువు యాభై ఆరు కిలోలు," అంది ముందెరుక. "ఈ ప్రయాణానికి అవసరం లేనిది. దించేస్తే నూనె ఆదా అవుతుంది."

"నోరు ముయ్యి," అని నాగవేణి గేరు వేసింది.