పన్నెండు బంతుల పరీక్ష

నీళ్ల తొట్టిలో నానుతున్న సిమెంటు దిమ్మల నడుమ తెల్లని బంతి ఒకటి బుడుంగున పడింది. మేళ్లచెరువు దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నిహారిక కెమిస్టు. ముఖం మీద చిందిన నీళ్లు తుడుచుకుంటూనే, గోడ దూకి వచ్చిన యువకుణ్ణి నిలదీసింది.

"ఎవరిదీ బాల్? మా క్యూబ్‌లు పగిలితే జవాబెవరు చెప్తరు?"

"నాదే మేడం, సారీ. కని తప్పు గా బాల్‌ది. మామూలు రకం. ఖరీదైనదైతే గిట్ల దారి తప్పకపోవు."

"ఓహో! బాల్‌కు తెలివుంటదా? ఖరీదు పెరిగితే ఇంకింత తెలివొస్తదా?"

అతడు దివాకర్, ఆ ఫ్యాక్టరీలోనే ఎలక్ట్రీషియన్. సున్నపురాయి తవ్వేసిన పాత గనిని పూడ్చి వేసిన గోల్ఫ్ మైదానంలో, డ్యూటీ దిగాక ఆడి ఆడి మంచి ఆటగాడయ్యాడు. నెల దాటితే హైదరాబాదులో మ్యాచ్. మొదటి ముగ్గురిలో నిలిస్తే రాష్ట్ర జట్టులో చోటు. ఏ రకం బంతికి చెయ్యి అలవాటు చేసుకోవాలన్నదే అతని బెంగ. ఒక ఖరీదైన బంతి ధరకు మామూలువి రెండు వస్తాయి మరి.

"నమ్ముడెందుకు? పరీక్ష చేద్దాం," అంది నిహారిక.

ఖరీదైనవి ఆరు, మామూలువి ఆరు తెచ్చారు. మైదానంలో గడ్డి చూసుకునే ఎల్లస్వామి వాటి పేర్ల మీద నల్లసిరా పూసి, అంకెలు వేసి, ఏ అంకె ఏ రకమో రాసిన చీటీని జేబులో దాచాడు. కొట్టేవాడికీ తెలియదు, కొలిచే ఆమెకూ తెలియదు.

"కాకా, ఒక్క నెంబరు జర చెప్పరాదే!"

"చెప్తే మేడం నన్ను గా తొట్టిల నానబెడ్తది బిడ్డా!"

రెండు సాయంత్రాల తర్వాత చీటీ విప్పారు. దూరపు దెబ్బల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. దివాకర్ ముఖం వాడింది. కానీ గుంత ఆనవాలుకు నాటిన జెండాకు దగ్గరి నుంచి పైకి లేపి కొట్టినప్పుడు, కొన్ని బంతులు జెండా దాటి పడి, క్షణం ఆగి, ఎవరో పిలిచినట్టు వెనక్కి దొర్లాయి. అవన్నీ ఖరీదైనవే.

ఖరీదైన బంతి మెత్తని పైపొర, కర్ర కొసన ఉన్న ఇనుప గాట్లను పట్టుకుంటుంది. బంతి వెనుకవైపుకు గిర్రున తిరుగుతుంది. ఇందులో మాయ లేదని నిహారికకు తెలుసు. కారణం తెలిశాక ఆశ్చర్యం తగ్గాలి కదా? తగ్గలేదు. పచ్చగడ్డి మీద అంత చిన్న వస్తువు అంత పెద్ద నియమాన్ని పొల్లుపోకుండా పాటించిన తీరు తలచుకుంటేనే ఆమెకు ఒళ్లు జలదరించింది.

"అయితే ఖరీదైనదే తీసుకుంట," అన్నాడు దివాకర్.

"ఆగుండ్రి. ఒక లెక్క కుదురుతలేదు." ఆమె నోటుబుక్కు ముందుకు జరిపింది. "రెండోనాడు రెండు రకాలూ జెండాకు మస్తు దగ్గర పడ్డయి. గాలి అదే, కర్ర అదే. ఏం మారింది?"

అతడు తన బూట్ల వంక చూసుకున్నాడు. "మొదటినాడు జెండా ఎల్లస్వామి కాక పట్టుకున్నడు."

"రెండోనాడు?"

"మీరు."

నిహారిక చెవులు ఎర్రబడ్డాయి.

"ఒక్కనాటి లెక్కను నమ్మొద్దు," అంది నోటుబుక్కు మూసేస్తూ. "క్యూబ్ బలమే మేము ఇరవై ఎనిమిదో రోజుకు గాని ఖాయం చెయ్యం. గప్పటిదాక రోజూ జెండా నేనే పట్టుకుంట."

అతడు వేళ్ల మీద లెక్కపెట్టి ఉలిక్కిపడ్డాడు. "ఇరవై ఎనిమిదో రోజంటే మ్యాచ్ నాడే!"

"తెలుసు. సెలవు చీటీ పొద్దుగాలనే ఇచ్చిన."

ఆ రోజు హైదరాబాదులో సన్నని తుంపర. మూడో స్థానం దక్కాలంటే చివరి గుంతకు దివాకర్‌కు మిగిలినవి రెండే దెబ్బలు. ఎదురుగా, అతని సహాయకురాలిగా జెండా పట్టుకుని నిహారిక. బంతి లేచింది, ఆమెను దాటి పడింది, ఆగింది. తర్వాత నింపాదిగా వెనక్కి దొర్లి గుంతకు జానెడు దూరంలో నిలిచింది. రెండో దెబ్బకు లోపల పడింది.

దివాకర్ పరుగున వచ్చాడు. "బాల్ గొప్పదా, నువ్వా, నిహారికా?"

"తేల్చాలంటే ఇంకా చాన ఏండ్లు పడ్తది."

తుంపరకు తడవకుండా నోటుబుక్కును కొంగు కింద పట్టుకుని ఆమె రాసింది: ఇరవై ఎనిమిదో రోజు. బలం: పాస్. ల్యాబ్ నివేదికలో ఉన్నట్టే కింద సంతకాలకు రెండు గీతలు గీసి, ఒకదాని మీద తన పేరు రాసి, పెన్ను అతనికి అందించింది.